తెలీదు అని చెప్పడం ఎప్పుడు నేర్చుకుంటాం?

అందరికీ నమస్కారం. మెడిసిన్ సీటు ఎంత కష్టమో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు, ఏళ్ల తరబడి రాత్రీ పగలూ చదివి వచ్చినవాళ్ళు ఉన్నారిక్కడ, ఇంకా రాయబోయేవాళ్ళూ ఉన్నారు. దాని గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఎంట్రన్స్ మనకి అలవాటు చేసేది ఏంటంటే, ప్రశ్నకి ఒకటే కరెక్ట్ ఆన్సర్ ఉంటుంది, అది ఆ ఆప్షన్లలోనే ఉంటుంది, తెలీకపోతే వెనకబడిపోతాం అని.

కాలేజీలో అడుగుపెట్టగానే ఆ అలవాటే ఎదురు తిరుగుతుంది. శవాన్ని కోసి శరీరం గురించి నేర్చుకునే డిసెక్షన్ హాల్ సంగతే చూడండి. అట్లాస్‌లో ఆర్టరీ ఎర్రగా, వెయిన్ నీలంగా, నరం పసుపుపచ్చగా ఎంత నీట్‌గా ఉంటాయో! బాడీ దగ్గరికొస్తే అన్నీ దాదాపు ఒకటే రంగు, పైగా శవం పాడవకుండా వాడే ఫార్మాలిన్‌కి కళ్ళు మండుతుంటాయి. బ్రేకియల్ ప్లెక్సస్‌కి, అంటే చేతికి వెళ్ళే నరాల అల్లికకి, వెన్నుపాములో సీ5 నుంచి టీ1 దాకా ఐదు రూట్లు అని గడగడా అప్పజెప్పే స్టూడెంట్‌కి కూడా చంకలో ఫోర్సెప్స్‌తో పట్టుకున్నది నరమా, ఉత్త కనెక్టివ్ టిష్యూనా అర్థం కాదు. చంకలో ఉండే ఆక్సిలరీ ఆర్టరీని ముందు పట్టుకో, దాని ముందు నరాలు ఎమ్ అక్షరంలా కలుస్తాయి, అక్కణ్ణుంచి వెతుక్కో అని పక్కనున్న ట్యూటర్ ఒక్క నిమిషంలో చూపిస్తారు, కానీ అడగాలి కదా! అడగరు. స్కూల్లో ఎప్పుడూ ఫస్టే కాబట్టి అడిగితే చిన్నతనం అనిపిస్తుంది. అందరూ టాపర్లే ఉన్న క్లాసులో కూడా సగం మంది కింది సగంలోనే ఉంటారు, అందులో తప్పేం లేదు.

చదువుకునే పద్ధతిలోనూ ఇదే భయం. పుస్తకం తెరిచి నాలుగోసారి హైలైటర్ గీస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, మూసేసి తెల్ల కాగితం మీద రాయమంటే అప్పుడు బయటపడుతుంది ఏం రాదో. కార్పిక్, రోడిగర్ అనే సైకాలజిస్టులు 2008లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వేశారు. కొత్త భాష పదాలు ఒకసారి గుర్తొచ్చాక కూడా మళ్ళీ మళ్ళీ టెస్ట్ పెట్టుకున్నవాళ్ళకి వారం తర్వాత 80 శాతం దాకా గుర్తున్నాయి, టెస్ట్ ఆపేసి ఊరికే చదువుకున్నవాళ్ళకి మూడో వంతు దాటి కాస్తే. కాబట్టి రోజూ పుస్తకం మూసి చూసుకోండి, ఆ ఖాళీ కాగితం ఇబ్బందిగానే ఉంటుంది, పర్లేదు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. 2016లో జామా అనే అమెరికన్ మెడికల్ జర్నల్‌లో చాలా దేశాల స్టడీలు కలిపి చూస్తే మెడికల్ స్టూడెంట్స్‌లో 27.2 శాతం మందికి డిప్రెషన్ గానీ ఆ లక్షణాలు గానీ ఉన్నాయని తేలింది, అలా తేలినవాళ్ళలో ట్రీట్‌మెంట్‌కి వెళ్ళింది 15.7 శాతమే. డాక్టర్ కాబోయేవాళ్ళే డాక్టర్ దగ్గరికి వెళ్ళట్లేదు! నిద్ర పట్టట్లేదు, పుస్తకం ముట్టుకోబుద్ధి కావట్లేదు అంటే దాచుకోకండి, ఒక ఫ్రెండ్‌కి చెప్పండి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి, ఈ వారమే.

ఇక టీచర్లకి, సీనియర్లకి నాదో రిక్వెస్ట్. రౌండ్స్‌లో ఎవరైనా తెలీదు అంటే పేషెంట్ ముందు పరువు తీయకండి, అలా చేస్తే రేపట్నుంచి వినపడని మర్మర్ (గుండెలో వచ్చే అదనపు శబ్దం) కూడా వినపడిందనే చెప్తారు. పేషెంట్‌ని ఎడమ పక్కకి తిప్పించి, స్టెత్ గుండె కొన దగ్గర ఎక్కడ పెట్టాలో చూపించి, మళ్ళీ ఒకసారి వినమనండి.