12 విమానాలు కొంటే 12 ఎగరవు: చిన్న బడ్జెట్ దేశం వాయుసేన, నౌకాదళం ఎట్ల కట్టుకుంటది

[స్క్రీన్ మీద ఎఫ్‌ఏ-50 ఫొటో, పక్కన 12 అనే అంకె]

ఫిలిప్పీన్స్ ఆయుధాల ముచ్చట ఎక్కడ వచ్చినా రెండే ప్రశ్నలు వినబడతయి. పన్నెండు విమానాలతోని చైనా ముందు నిలబడతదా? బ్రహ్మోస్ మిసైల్ మూడు బ్యాటరీలకు, అంటే మూడు లాంచర్ల గుంపులకు, 37.5 కోట్ల డాలర్లు పెట్టిండ్రు కదా, మిసైల్ ఒక్కటి ఎంతకు పడ్డది? రెండు ప్రశ్నలల్ల ఉన్న తప్పు ఒక్కటే. మొత్తం పైసలను కొన్న సంఖ్యతోని భాగించి, అదే సైన్యం బలం అనుకుంటున్నరు. ఈ భాగహారం నాకు చాలా చిరాకు తెప్పిస్తది. అట్ల లెక్కేసి కొన్న దేశాలు నిజంగనే నష్టపోయినయి, అందుకే ఈ వీడియో.

అమెరికా, చైనా, ఇండియాలను ఈరోజు పక్కన పెడదాం. ఫిలిప్పీన్స్, మలేషియా, థాయ్‌లాండ్, ఈ మూడే చూద్దాం.

హన్మకొండల ఒక ఆర్టీసీ డిపో ఉన్నది, దానికి 12 బస్సులు ఇచ్చిండ్రు అనుకుందాం. పొద్దున లేస్తే పన్నెండూ రోడ్డు మీదికి రావు. రెండు గ్యారేజిల ఉంటయి, ఒకటి ఫిట్‌నెస్‌కు పోతది, ఒకటి ములుగు దారిల బ్రేక్‌డౌన్ అయి ఉంటది. డిపో మేనేజర్ ఎన్ని బస్సులు ఉన్నయని లెక్కపెట్టుకోడు, ఎన్ని షెడ్యూళ్లు నడుస్తయని లెక్కపెట్టుకుంటడు. ఈ డిపోను గుర్తుంచుకోండి, వీడియో అంతా దీనితోనే పోదాం.

[స్క్రీన్ మీద లెక్క: 12 → 7 → 5]

ఇప్పుడు బస్సుల జాగల ఫైటర్లు పెడదాం. 12 విమానాలల్ల ఐదు మెయింటెనెన్స్‌ల ఉన్నయనుకుందాం. ఏడు మిగిలినయి. కొత్త పైలట్ల శిక్షణకు రెండు పోతే ఐదు. ఈ ఐదుతోని ఆకాశంల రోజంతా ఒక జత కాపలా తిరగాలంటే ఏమైతదో చూడండి. ఒక జత కాపలా జాగల గంటన్నర ఉండగలదనుకుంటే, 24 గంటలకు 16 జతలు కావాలె, అంటే రోజుకు 32 సార్లు ఎగరాలె. ఐదు విమానాలు రోజుకు రెండేసి సార్లు ఎగిరితే పది. మూడోవంతు కూడా కాలేదు. ఆ ఊపుల పది రోజులు తిప్పితే గ్యారేజిల పడేవి ఐదు కాదు, ఎనిమిది అయితయి.

కాబట్టి చిన్న వాయుసేన ఆకాశంల కాపలా కాయదు. రెండు విమానాలకు మిసైల్స్ తగిలించి, పైలట్లను పక్కనే కూర్చోబెట్టి, మూడోదాన్ని స్పేర్‌గా పెట్టి, నేల మీదనే ఎదురుచూస్తది. రాడార్ చెప్పినంక నిమిషాలల్ల లేస్తది. డిపోల కూడా ప్రతి ఊరికి గంటకో బస్సు తిప్పేటంత బండ్లు లేకుంటే, జనం ఏ స్టాపుల నిలబడ్డరో తెలుసుకొని అక్కడికే పంపాలె. ఆ తెలుసుకునుడే అసలు పని. తక్కువ పైసలు ఉన్న దేశం మొదటి రూపాయి రాడార్ మీద పెట్టాలె, విమానం మీద కాదు. ఎయిర్ షోల రాడార్‌కు ఎవరూ చప్పట్లు కొట్టరు, అందుకే రాజకీయ నాయకులు దాన్ని చివరికి నెడతరు.

ఫిలిప్పీన్స్ ఏం చేసింది? పాత ఎఫ్-5 ఫైటర్లను 2005ల పక్కన పెట్టింది. ఆ తర్వాత పదేండ్లు ఆ దేశానికి ఒక్క జెట్ ఫైటర్ లేదు. 2014ల దక్షిణ కొరియాతోని 12 ఎఫ్‌ఏ-50 అనే చిన్న ఫైటర్లకు ఒప్పందం, 2015 నవంబర్‌ల మొదటి రెండు దిగినయి. 2020ల జపాన్ కంపెనీ మిత్సుబిషి ఎలక్ట్రిక్‌కు దాదాపు 10 కోట్ల డాలర్లకు నాలుగు రాడార్ల ఆర్డర్ ఇచ్చిండ్రు, మొదటిది 2023ల అందింది. అంటే విమానం ముందు వచ్చింది, ఈ కొత్త కన్ను ఎనిమిదేండ్ల తర్వాత వచ్చింది. వరుస తలకిందులైంది. అయినా రాడార్ కొన్నరు, అది మంచి పని.

2025 జూన్‌ల ఇంకో 12 ఎఫ్‌ఏ-50లకు సుమారు 70 కోట్ల డాలర్లతోని ఆర్డర్ ఇచ్చిండ్రు. "మల్ల అదే చిన్న విమానమా, ఎఫ్-16 కొనరాదా" అని చాలామంది పెదవి విరిచిండ్రు. నా లెక్కల ఈ మధ్య ఆ దేశం తీసుకున్న మంచి నిర్ణయాలల్ల ఇది ఒకటి. డిపోల ఉన్న బస్సులన్నీ ఒకే కంపెనీవి అయితే బ్రేక్ లైనర్లు ఒకే రకం, క్లచ్ ప్లేట్లు ఒకే రకం, ఏ మెకానిక్ అయినా ఏ బండి కిందనైనా దూరతడు. ఆరు కంపెనీల బస్సులుంటే ఆరు రకాల స్పేర్లు స్టోర్‌ల పెట్టాలె, అప్పుడు కూడా కావాల్సిన ఏడోది దొరకదు. ఎఫ్‌ఏ-50ల ఉన్న ఎఫ్404 ఇంజన్ కుటుంబమే మన తేజస్ మార్క్-1లో ఉన్నది, స్వీడన్ ఫైటర్ గ్రిపెన్ సి/డి ఇంజన్ కూడా దాని నుంచి పుట్టిందే. ఎక్కువ దేశాలు వాడే ఇంజన్ అంటే స్పేర్లు, ఓవర్‌హాల్ దొరికే చోట్లు కూడా ఎక్కువ.

దీనికి ఒక ఇబ్బంది ఉన్నది, అది దాచొద్దు. 2025 మార్చిల ఒక ఎఫ్‌ఏ-50 కూలి ఇద్దరు పైలట్లు చనిపోయిండ్రు. కారణం తేలేదాకా మిగతా అన్ని ఎఫ్‌ఏ-50లను నేల మీదనే ఆపిండ్రు. ఒకే రకం ఉంటే ఒక లోపం మొత్తం డిపోను ఆపుతది. అయినా 12, 24 విమానాల దేశానికి ఈ ప్రమాదం భరించదగ్గదే. ఎందుకో మలేషియాను చూస్తే తెలుస్తది.

[స్క్రీన్ మీద: 28ల 4]

మలేషియా దగ్గర రష్యా మిగ్-29లు, రష్యా సుఖోయ్-30లు, అమెరికా ఎఫ్/ఏ-18లు, బ్రిటన్ హాక్‌లు, అన్నీ ఒకేసారి ఉండేవి. 2018ల ఆ దేశ రక్షణ మంత్రి పార్లమెంటులనే చెప్పిండు, 28 రష్యా విమానాలల్ల నాలుగే ఎగిరే స్థితిల ఉన్నయని. స్పేర్లు దొరకవు, రిపేరు కుదరదు. అప్పుడు ఏం జరుగుతదంటే, ఒక విమానం పంపు ఊడదీసి ఇంకోదానికి పెడతరు. డిపోల కూడా మూలకు పడ్డ బస్సు స్టార్టర్ తీసి ఇంకో బస్సుకు బిగించినట్టే. మొదటి నెల లాభమనిపిస్తది. కానీ ఊడదీసే పని ఒకసారి, బిగించే పని ఇంకోసారి, ఆ బస్సుకు మల్ల స్టార్టర్ వచ్చినప్పుడు మూడోసారి. టెక్నీషియన్ గంటలు మూడింతలు. ఊడదీసేటప్పుడు పైపులు, కనెక్టర్లు చెడిపోతయి, కొత్త లోపాలు పుడతయి. ఆరు నెలలకు ఆ మూలకు పడ్డది ఇక ఎప్పుడూ లేవదు.

మలేషియా నౌకాదళం ఈ రోగాన్ని తానే పట్టుకున్నది. 15 రకాల ఓడలను ఐదు రకాలకు తగ్గిస్తమని "15 టు 5" అని ప్లాన్ వేసుకున్నరు. ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైంది. అమలు ఎక్కడ చెడ్డదో చెప్తా, ముందు మిసైల్ సంగతి.

[స్క్రీన్ మీద: సముద్రం గీత, ఒడ్డు మీద రాడార్, దూరంల ఓడ]

ఈ భాగం జర పైలంగ చూడండి, ఎక్కువ తప్పుగా అర్థం చేసుకునేది ఇదే. ఫిలిప్పీన్స్‌కు అమ్మిన బ్రహ్మోస్ రేంజి 290 కిలోమీటర్లు. 2022 జనవరిల ఒప్పందం, మొదటి బ్యాటరీ 2024 ఏప్రిల్‌ల, రెండోది 2025 ఏప్రిల్‌ల చేరింది. ఈ మిసైల్ ఇంటిగ్రేషన్ కాంప్లెక్స్ మన హైదరాబాద్‌ల ఉన్నది, అందుకే మనోళ్లకు దీని మీద ప్రేమ ఎక్కువ, నాకు కూడా. కానీ 290 కిలోమీటర్ల మిసైల్ ఉంటే 290 కిలోమీటర్ల దూరంల ఓడను కొట్టొచ్చు అనుకోవద్దు.

భూమి గుండ్రంగా ఉన్నది. రాడార్ ఎంత దూరం చూస్తదో ఒక చిన్న సూత్రం చెప్తది: రాడార్ ఎత్తు మీటర్లల్ల తీసుకొని వర్గమూలం, ఎదుటి ఓడ ఎత్తుకు వర్గమూలం, రెండూ కలిపి 4.12తోని గుణిస్తే కిలోమీటర్లు. వంద మీటర్ల గుట్ట మీద రాడార్, ఓడ ఎత్తు 25 మీటర్లు అనుకుందాం. పది ప్లస్ ఐదు, పదిహేను. గుణిస్తే 62 కిలోమీటర్లు. అంతే. మిగతా 228 కిలోమీటర్లు మిసైల్ పోగలదు, కానీ ఎక్కడికి పోవాల్నో చెప్పేటోడు లేడు.

అదే రాడార్‌ను 6,000 మీటర్ల ఎత్తుల ఎగిరే విమానంల పెడితే? వర్గమూలం 77.5. దానికి ఐదు కలిపి గుణిస్తే 340 కిలోమీటర్లు. ఇప్పుడు మిసైల్ రేంజి మొత్తం పనికొచ్చింది. జపాన్ వాళ్లు ఐదు చిన్న టీసీ-90 విమానాలను మొదట లీజుకు, 2018ల ఉచితంగా ఫిలిప్పీన్స్‌కు ఇచ్చిండ్రు. పాత శిక్షణ విమానాలు, ఆయుధం లేదు, వాటిని ఎవరూ పట్టించుకోలే. కానీ సముద్రం మీద తిరిగి చూసే ఇట్లాంటి కన్నులు లేకుంటే ఒడ్డున ఉన్న బ్రహ్మోస్ సగం గుడ్డిదే.

ఇంకో సంగతి, ఆ 37.5 కోట్ల డాలర్లల్ల మిసైల్స్ ఒక్కటే లేవు. నడిపేటోళ్లకు, రిపేరు చేసేటోళ్లకు శిక్షణ ఉన్నది, లాజిస్టిక్స్ సపోర్ట్ ఉన్నది. 2023ల నాగ్‌పూర్‌ల వాళ్ల 21 మంది సైనికులు శిక్షణ పూర్తి చేసుకున్నరు. ఇప్పుడు ఆ భాగహారం చేసేటోళ్లు చెప్పాలె, శిక్షణను ఏ సంఖ్యతోని భాగిస్తరు?

థాయ్‌లాండ్ ఈ విషయంల తెలివి చూపింది. 2008, 2010లల్ల రెండు విడతలుగా 12 గ్రిపెన్లు కొన్నప్పుడు, వాటితోనే సాబ్-340 విమానం మీద బిగించిన ఎరీఐ రాడార్లు, డేటాలింక్ కూడా తీసుకున్నరు. రాడార్ చూసింది నేరుగా పైలట్ స్క్రీన్ మీదికి వస్తది. బస్సులతోని పాటు కంట్రోల్ రూం, డ్రైవర్ల ట్రైనింగ్ కూడా ఒకే టెండర్ల తెచ్చుకున్నట్టు. రెట్టింపు విమానాలు కొని డేటాలింక్ లేకుండా ఉండుడు కంటే ఇది ఎంతో మేలు.

ఇక ఓడలు. ఓడ ఇనుప శరీరం పెద్దగా ఖరీదు కాదు, ఎన్నో షిప్‌యార్డులు కడతయి. బస్సుకు బాడీ కట్టేటోళ్లు బోలెడంత మంది ఉంటరు, విలువంతా ఇంజన్, గేర్‌బాక్స్ ఉన్న ఛాసిస్‌ల ఉన్నట్టు. ఓడకు ఆ ఛాసిస్ ఏదంటే కంబాట్ మేనేజ్‌మెంట్ సిస్టం, అంటే రాడార్, నీళ్ల కింద వెతికే సోనార్, మిసైల్, తుపాకీ అన్నింటినీ కలిపే కంప్యూటర్. ఫిలిప్పీన్స్ 2016ల హ్యుందాయ్ షిప్‌యార్డుతోని ఫ్రిగేట్లనే రెండు యుద్ధనౌకలకు ఒప్పందం చేసుకున్నది, ఓడలకు సుమారు 1,600 కోట్ల పెసోలు, మందుగుండుకు వేరేగా 200 కోట్లు. ఆ సిస్టం ఏ కంపెనీది ఉండాలన్న దాని మీద నౌకాదళానికి, షిప్‌యార్డుకు గొడవ పడ్డది. ఎంపిక తమదేనని షిప్‌యార్డు అన్నది. 2017 డిసెంబర్‌ల నౌకాదళాధిపతి పదవి పోయింది, 2018ల సెనేట్ విచారణ దాకా పోయింది. ఒప్పందం రాసేటప్పుడే సిస్టం పేరు, మోడల్, ఏ డేటాలింక్‌తోని పనిచెయ్యాలె అని రాసుకుంటే ఇదంతా లేకపోవు. పైసలు చాలక నిలువు మిసైల్ గొట్టాలకు జాగ ఒక్కటే వదిలి ఓడలను తెచ్చుకున్నరు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను, జాగ, కరెంటు, కేబుల్ దారి ముందే ఉంటే తర్వాత బిగించొచ్చు. అవి వదలకుండా కట్టిన ఓడకు తర్వాత బిగించాలంటే డెక్ కోయాల్సి వస్తది.

మందుగుండు మాట వచ్చింది కాబట్టి మల్ల డిపోకు పోదాం. మేడారం జాతర వస్తే ఒక్క హన్మకొండ డిపోతోని ఏం కాదు, వేరే డిపోల నుంచి బస్సులు తెప్పిస్తరు. యుద్ధం వచ్చిననాడు చిన్న దేశానికి పక్క డిపో ఉండదు. మిసైల్ తయారీకి నెలలు, ఏండ్లు పడతది. అందుకే కాగితం మీద ఎన్ని లాంచర్లు అని కాకుండా, మొదటి సారి కాల్చినంక మల్ల నింపేందుకు గోదాంల ఎన్ని ఉన్నయని అడగాలె.

మలేషియా ఎక్కడ చెడ్డదో చెప్తా అన్న కదా. 900 కోట్ల రింగిట్లకు ఆరు యుద్ధనౌకలు, మొదటిది 2019ల రావాలె. 2022ల పార్లమెంటు కమిటీ చూస్తే 600 కోట్లకు పైగా చెల్లింపు అయిపోయింది, ఒక్క ఓడ రాలే. డిజైన్ పూర్తిగాక ముందే కట్టుడు షురూ చేసిండ్రు. తర్వాత ఆరును ఐదు చేసి, ఖర్చును 1,100 కోట్లు దాటించిండ్రు. డిజైన్ ఎంత శాతం పూర్తయితే ఎంత చెల్లింపు అన్నది ఒప్పందంల కట్టేయాలె.

[టైం అయిపోతున్నది, మిగతావి వేగంగా]

సెకండ్ హ్యాండ్. ఫిలిప్పీన్స్ 2011ల తెచ్చుకున్న గ్రెగోరియో డెల్ పిలార్ అనే ఓడ, 1967ల అమెరికా కోస్ట్‌గార్డుల చేరిన హామిల్టన్ ఓడనే. ఇచ్చేముందు, మీదికి వచ్చే మిసైల్‌ను దగ్గర్ల కూల్చే తుపాకీని ఊడదీసే ఇచ్చిండ్రు. పాతది కొనేటప్పుడు బాడీ ఇంకా ఎన్ని గంటలు పనికొస్తది, ఇంజన్‌ను ఇంకా ఎన్నిసార్లు స్టార్ట్ చేసి ఆపొచ్చు, ఇంకా ఎన్ని దేశాలు వాడుతున్నయి, ఈ మూడు అడగాలె. వాడే చివరి దేశం మీదే అయితే వాళ్ల స్పేర్ల గోదాం మొత్తం కొనాలె.

మూడు ఓడల సూత్రం: ఒకటి సముద్రంల, ఒకటి శిక్షణల, ఒకటి డాక్‌ల. రెండే కొంటే కొన్ని నెలలు సముద్రంల సున్నా.

మూడో దేశం లైసెన్స్. థాయ్‌లాండ్ 2017ల చైనా నుంచి 1,350 కోట్ల బాట్‌లకు సబ్‌మెరైన్ కొన్నది, ఇంజన్ జర్మనీ కంపెనీ ఎంటీయూది అని రాసుకున్నరు. చైనాకు ఆయుధాలు అమ్మొద్దని యూరప్ ఆంక్ష ఉన్నది, జర్మనీ ఇయ్యలే. పని ఏండ్లు ఆగి, 2025ల చైనా ఇంజన్‌కే ఒప్పుకున్నరు. లోపలి ముఖ్యమైన ప్రతి పార్టుకు ఎవరి అనుమతి కావాల్నో సంతకానికి ముందే చూసుకోవాలె.

చివరిది డాలర్. థాయ్‌లాండ్ 1996ల ఎనిమిది ఎఫ్/ఏ-18లకు ఆర్డర్ ఇచ్చింది. 1997 జులైల బాట్ కూలింది, డాలర్‌కు 25 ఉన్నది 50 దాటింది, ఆర్డర్ రద్దు. అదే ఏడు వచ్చిన చక్రి నరుబేత్ విమాన వాహక నౌక ఎక్కువ కాలం రేవులనే ఉన్నది, దాని మీది హారియర్ జెట్లు 2006 కల్లా ఆగిపోయినయి. ఫిలిప్పీన్స్ 2012ల చట్టం చేసి 15 ఏండ్లను మూడు విడతలుగా విడగొట్టుకున్నది, ఏ విడతల ఏం కొనాలె అన్నది ముందే అనుకోవచ్చు. దానితోని పాటు ప్రతి ఒప్పందంల మొదటి ఐదేండ్ల స్పేర్లు, పైలట్ల గంటలకు ఇంధనం వేరే పద్దుగా పెట్టి, కొత్త కొనుగోలుకు ఆ పద్దు నుంచి పైసలు తీయొద్దని రాసుకోవాలె. ఆయుధం జీవితకాలం ఖర్చుల కొనే ధర మూడోవంతు దాకే, మిగతాదంతా ఈ పద్దే.