గోధుమ మానేశాక ఏం తినాలి?

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి.

నేను డైటీషియన్‌ని. సీలియాక్ జబ్బు అని తేలినవాళ్లు డాక్టరు చీటీ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. వాళ్ల వెంట వచ్చే అమ్మో అత్తగారో దాదాపు ప్రతిసారీ ఒక మాట అంటారు: "మనం అన్నం తినేవాళ్లమే కదండీ, గోధుమ మానడం ఎంత పని?" నిజమే, పంజాబీ ఇంటితో పోలిస్తే మనకి సులువే. కానీ ఆ సులువే మనల్ని రెండు చోట్ల దెబ్బతీస్తోంది. అన్నం తినే ఇంట్లో ఈ జబ్బు ఉందన్న అనుమానమే చాలా ఆలస్యంగా వస్తుంది. తెలిశాక కూడా, చపాతీ మానేశాం కదా అని ఊరుకుంటారు. ఏళ్ల తరబడి ఒంట్లో తరిగిపోయిన ఐరన్, బీ12, డీ విటమిన్ సంగతి ఎవరికీ గుర్తురాదు. ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కొందరిలో అది చిన్నపేగులోకి వెళ్లగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి సొంత పేగునే దెబ్బతీస్తుంది. కాబట్టి ఇది గోధుమ "పడకపోవడం" లాంటిది కాదు, ఆటో ఇమ్యూన్ జబ్బు. చిన్నపేగు లోపలి గోడ మీద టర్కీ టవల్ పోగుల్లా సన్నటి చూషకాలు ఉంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేవి అవే. ఈ జబ్బులో అవి అరిగి చదునైపోతాయి. ఎంత మంచి తిండి తిన్నా ఒంటికి పట్టదు. పిల్లల్లో అయితే విరేచనాలు, ఉబ్బిన పొట్ట, ఎత్తు పెరగకపోవడం. పెద్దవాళ్లలో చాలామందికి విరేచనాలే ఉండవు. తగ్గని రక్తహీనత, నీరసం, నోటి పూత, ఎముకల నొప్పులు, కొందరు ఆడవాళ్లలో గర్భం నిలవకపోవడం, ఇలా రకరకాలుగా బయటపడుతుంది.

గోధుమకీ దీనికీ ఉన్న లింకును పట్టుకున్నది డచ్ పిల్లల డాక్టరు విల్లెం కారెల్ డికె. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని కరువులో, ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం ఆయన గమనించాడు. ఆ అనుమానం ఆయనకి అంతకుముందు నుంచే ఉంది. 1950లో దాని మీదే థీసిస్ రాశాడు. ఇన్నేళ్లు గడిచినా వైద్యం అదే: గ్లూటెన్ లేని తిండి, జీవితాంతం.

మన దేశం లెక్క చూద్దాం. 2016లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో ఈ జబ్బు ఉత్తరాదిలో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికి ఉన్నట్టు తేలింది. జన్యువుల్లో అంత తేడా లేదు. తేడా ఎక్కువగా కంచంలోనే. ఆ సర్వేలో ఉత్తరాది వాళ్లు రోజుకి సగటున 450 గ్రాముల పైనే గోధుమ తింటుంటే దక్షిణాదివాళ్లు 25 గ్రాములు తింటున్నారు. మరి ఇవాళ హైదరాబాద్ ఆ పాత దక్షిణాదేనా? షుగర్ వచ్చిందని రాత్రిపూట అన్నం మానేసి చపాతీ, బరువు తగ్గాలని గోధుమ రవ్వ ఉప్మా, పిల్లల టిఫిన్ డబ్బాలో నూడుల్స్. నా ఉద్దేశంలో మనం ఆ 25 గ్రాములు ఎప్పుడో దాటేశాం. పైగా సికింద్రాబాద్, బేగంబజార్ వైపు ఉత్తరాది కుటుంబాలు తరాలుగా ఉన్న ఊరిది.

పరీక్ష గురించి ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతాను, కానీ ఇది మాత్రం మర్చిపోవద్దు. అనుమానం రాగానే గోధుమ మానేయకండి. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష (ఈ జబ్బులో ఒంట్లో పెరిగే యాంటీబాడీలని కొలిచేది), దాంతోపాటు ఆ ఐజీఏ రకం యాంటీబాడీలు ఒంట్లో మొత్తం ఎంతున్నాయో, అవసరమైతే ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూడటం, ఇవన్నీ గోధుమ తింటూ ఉండగా చేస్తేనే సరైన ఫలితం వస్తుంది. యూట్యూబ్ చూసి ఆర్నెల్లు మానేసి వస్తే రిపోర్టు నార్మల్ అని రావచ్చు. అప్పుడు డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు మళ్లీ గోధుమ తిని పరీక్ష చేయించుకోవాలి. అది ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు.

ఇక వంటింట్లోకి వద్దాం. ఈ మధ్య ఒకావిడ వచ్చింది, ఐటీ ఉద్యోగి. పెళ్లికి ముందు నుంచీ హిమోగ్లోబిన్ ఏడు దగ్గరే. "మా పిల్లకి రక్తం పట్టదు" అని వాళ్లమ్మ ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు, ఖర్జూరాలు, బీట్‌రూట్ జ్యూస్ పట్టిస్తూనే ఉంది. చివరికి సీలియాక్ అని తేలింది. చపాతీ, బ్రెడ్, బిస్కెట్ అన్నీ మానేసింది. ఏడాది తిరిగినా టీటీజీ దిగిరాదు. వంటింట్లో డబ్బాలన్నీ వెనక్కి తిప్పి ఫొటోలు తీసి పంపమన్నాను. ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది, గోధుమ పిండి. అసలు ఇంగువ బంక చాలా ఘాటు. అందుకని దాన్ని పిండితో, జిగురుతో కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా బ్రాండ్లలో మైదానో గోధుమ పిండో. పప్పులో, చారులో, పులిహోరలో, ఊరగాయలో రోజూ పడేది అదే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, వెతికి కొనుక్కోవాలి.

"చిటికెడు ఇంగువకే అంతా?" అంటారేమో. ఒక చపాతీలో సుమారు 3 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకి 50 మిల్లీగ్రాములు నెలల తరబడి లోపలికి వెళ్తే చాలు, పేగు దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. అంటే చపాతీలో అరవయ్యో వంతు. ఒక్క ఇంగువతోనే అంత చేరకపోవచ్చు. దానికి గిర్నీ తోడవుతుంది. జొన్నలు మీరే ఏరి, కడిగి, ఎండబెట్టి గిర్నీకి తీసుకెళ్తారు. మీకంటే ముందు అదే రాయి మీద ఎవరిదో పది కిలోల గోధుమ ఆడి ఉంటుంది. మీ డబ్బాలోకి ముందుగా దిగేది ఆ పిండే. జొన్నలు, రాగులు ఇంట్లో చిన్న మరలో ఆడుకోవడం మేలు.

బయట తిండిలో హలీం సంగతి చెప్పక్కర్లేదు, అందులో మాంసంతోపాటు గోధుమ ఉంటుంది. ఉస్మానియా బిస్కెట్, లుఖ్మీ, డబుల్ కా మీఠా, రంజాన్ సేమియా, మన బొబ్బట్లు, కజ్జికాయలు, ఇవన్నీ తెలిసినవే. తెలియనిది బిర్యానీ. బియ్యమే కదా అనుకుంటాం. దమ్ పెట్టేటప్పుడు మూతకీ హండీకీ మధ్య చాలాచోట్ల గోధుమపిండి ముద్దతో సీల్ వేస్తారు. మూత తీసేటప్పుడు ఆ ఎండు పెచ్చులు అంచున ఉన్న అన్నంలో రాలతాయి. ఇంట్లో వండుకుంటే తడి గుడ్డ చుట్టండి. హోటల్లో అయితే అడగండి, మొహమాటపడొద్దు. రవ్వ దోసె వద్దు. బజ్జీల మూకుడులోనే సమోసాలు వేయిస్తే ఆ బజ్జీలూ వద్దు. రాగి బిస్కెట్, జొన్న బిస్కెట్ అని రాసి ఉన్నవాటిలో చాలావాటికి మైదానే ఆధారం. మల్టీగ్రెయిన్ ఆటాలో ఎక్కువ భాగం గోధుమే. మన ఆహార భద్రత సంస్థ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. ఆ మాట ఉన్నవే కొనండి.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకోటి ఉంది. బిడ్డ నీరసంగా ఉన్నాడని తల్లి పాలలో కలిపి పట్టించే మాల్ట్ పొడుల్లో ఎక్కువ వాటిలో బార్లీ, కొన్నిటిలో గోధుమ కూడా ఉంటాయి. జ్వరం వస్తే, మూత్రంలో మంట వస్తే మనం ఇచ్చేది బార్లీ నీళ్లు. బలం కోసం ఇచ్చేదే ఆ బిడ్డ పేగుని గీకుతుంటుంది.

ప్రసాదాల గురించి ఎప్పుడూ అడుగుతారు. సత్యనారాయణస్వామి వ్రతం ప్రసాదం రవ్వతో చేస్తారు, అన్నవరం ప్రసాదం గోధుమ నూకతోనే. కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేయండి. స్వామి ఏమీ అనుకోడు, అనుకునేది చుట్టాలే.

ఇప్పుడు అసలు విషయం. తినే ఐరన్ ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగంలోనే ఒంటికి పడుతుంది. ఈ జబ్బు ఎక్కువగా దెబ్బకొట్టేదీ అక్కడే. ఇందాక చెప్పిన ఐటీ అమ్మాయికి ఏళ్ల తరబడి మాత్రలు పనిచేయకపోవడానికి కారణం మాత్రలు కాదు. కాబట్టి జబ్బు తేలిన రోజే హిమోగ్లోబిన్‌తో సరిపెట్టకుండా ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బీ12, ఫోలేట్, డీ విటమిన్, కాల్షియం, వీలైతే జింక్, థైరాయిడ్ చూపించుకోండి. ఎముకల స్కాన్ ఎప్పుడు అవసరమో డాక్టరు చెప్తారు.

ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. టీ, కాఫీలకి గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు ఆపేస్తారు చాలామంది. అప్పటికి నిల్వలు నిండవు, ఇంకో రెండు మూడు నెలలు వాడాలి. పేగు మరీ పాడైతే మాత్రలు ఎక్కవు, సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. దానికి భయపడక్కర్లేదు.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుని బీ12 వదిలేయడం మంచిది కాదు. రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారులు ఇది మరీ గుర్తుంచుకోవాలి. డీ విటమిన్ 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి అని రాస్తే, రోజూ వేసుకుని వాంతులతో ఆస్పత్రిలో చేరినవాళ్లు ఉన్నారు. చీటీ రెండుసార్లు చదవండి.

మాత్రలతో గొయ్యి పూడుతుంది, కానీ రోజూ నింపాల్సింది కంచమే. గోధుమ మానేసి మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ తింటే ఐరన్, పీచు, జింక్ అన్నీ తక్కువే. ఆ బిస్కెట్లలో చాలావాటిలో ఉండేది మొక్కజొన్న పిండో కర్రపెండలం పిండో, చక్కెర, నూనె. ఏడాదిలో బరువు పెరుగుతారు, రక్తం పెరగదు.

మనకున్న అదృష్టం వేరే. ఇదే ఊళ్లో రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో జొన్న, సజ్జల మీద పనిచేసే ఇక్రిశాట్, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. జొన్నరొట్టె తెలంగాణ ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న తిండే, ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, అదే బరువు పాలలో 120 దాకా. అయితే రాగుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టకుండా పట్టి ఉంచుతాయి. అందుకే నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టి పిండి చేసుకుంటే మేలు.

పొద్దున పెసరట్టు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం దంపుడు బియ్యమో కొర్రలో, తోటకూర పప్పు, పైన నిమ్మరసం, పెరుగు. సాయంత్రం నువ్వుల ఉండ, గుప్పెడు పల్లీలు. రాత్రి ఇంట్లో ఆడిన పిండితో జొన్నరొట్టె, మునగాకు కూరో కోడిగుడ్డు కూరో. మాంసం తినేవాళ్లు అప్పుడప్పుడు కార్జం తింటే ఐరన్, బీ12 రెండూ వస్తాయి. సకినాలు, సర్వపిండి బియ్యప్పిండివే, నూనె వేరుగా ఉంటే హాయిగా తినొచ్చు. మొదటి నెలలో మాత్రం మిల్లెట్ల మీద ఒక్కసారిగా పడొద్దు. పుండుపడ్డ పేగు అంత పీచు తట్టుకోదు. పాలు కూడా కొన్నాళ్లు పడకపోవచ్చు, ఎందుకంటే పాల చక్కెరని అరిగించే ఎంజైమ్ ఉండేది ఆ చూషకాల కొసల మీదే. అప్పటిదాకా పెరుగు, మజ్జిగ చాలు. పేగు మానాక చాలామందికి పాలు మళ్లీ పడతాయి. ఓట్స్ మాత్రం మొదట్లో వద్దు. ఓట్స్ అందరికీ చెడుపు కాదు, కానీ దుకాణంలో దొరికేవాటిలో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ.

టీటీజీ సాధారణంగా ఏడాది, ఒక్కోసారి రెండేళ్లలో మామూలవుతుంది. పెద్దవాళ్లలో పేగు మానడానికి ఇంకా టైం పట్టొచ్చు. మధ్యలో ఒంట్లో బాగుంది కదా అని పెళ్లి భోజనంలో ఒక పూరీ తిని, ఏమీ కాలేదని మురిసిపోకండి. లోపల ఏమైందో పొట్టకి తెలియదు, రక్తపరీక్షకి తెలుస్తుంది.

చివరగా ఇంట్లోవాళ్ల సంగతి. పేషెంటు తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, వీళ్లలో సుమారు పదిహేను మందిలో ఒకరికి ఇదే జబ్బు ఉండొచ్చు. వాళ్లకి ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకసారి టీటీజీ చేయించండి. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి కూడా. చేయించేదాకా ఇంట్లో అందరికీ గోధుమ బంద్ పెట్టకండి.

ఇక మీ ప్రశ్నలు. మందుల డోసులు మాత్రం మీ డాక్టరునే అడగండి, తిండి గురించి ఎంతసేపైనా చెప్తాను.