గొడవ అయిపోయాకే నాటకం మొదలవుతుంది

అందరికీ నమస్కారం.

కాసేపట్లో ఈ టేబుల్ చుట్టూ కూర్చుని అమెరికన్ నాటక రచయిత్రి డొమినిక్ మోరిసో రాసిన 'పైప్‌లైన్' నాటకం చదవబోతున్నాం. చదివే ముందు అది ఎలా కట్టిన నాటకమో, దాని వెనకున్న బడి ఎలా నడుస్తుందో మాట్లాడుకోవాలి. ఆ బడి సంగతి తెలియకుండా పాత్రల్ని పట్టుకుంటే ఇదొక కోపిష్టి కుర్రాడి కథ, వాడి కోసం కుమిలిపోయే తల్లి కథ అనిపిస్తుంది. అలా ఆడితే నాటకం చచ్చిపోతుంది.

2017 వేసవిలో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో, లిలియానా బ్లెయిన్-క్రూజ్ దర్శకత్వంలో దీన్ని మొదటిసారి ప్రదర్శించారు. 6 పాత్రలు, విరామం లేదు, గంటన్నర నిడివి. మోరిసోది డెట్రాయిట్. ఆ ఊరి సంగతికి మళ్లీ వస్తాను.

కథ చిన్నదే. నాయా నల్లజాతి మహిళ, నగరంలోని పబ్లిక్ హైస్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, ఇంగ్లీషు టీచరు. తను పాఠం చెప్పే బడి మీద తనకే నమ్మకం చాలక కొడుకు ఒమారిని దూరంగా ఒక ప్రైవేటు బోర్డింగ్ స్కూల్లో చేర్చింది. ఫీజు మాజీ భర్త జేవియర్ కడతాడు. ఒకరోజు ఆ స్కూల్లో రిచర్డ్ రైట్ రాసిన 1940 నాటి నవల 'నేటివ్ సన్' మీద క్లాసు జరుగుతోంది. నవలలోని నల్లజాతి యువకుడు బిగ్గర్ థామస్ చేతిలో ఒక తెల్ల అమ్మాయి చనిపోతుంది. వాడిలో అంత కోపం ఎందుకుందో చెప్పమని టీచరు ఒమారినే పదే పదే అడుగుతాడు. ఒమారి లేచి టీచర్ని తోసేస్తాడు. తోటి పిల్లలు ఫోన్లలో వీడియో తీస్తారు. ఇప్పుడు వాణ్ణి బడి నుంచి పంపేయొచ్చు, కేసు కూడా పెట్టొచ్చు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ తోపులాట రంగస్థలం మీద జరగదు. తెర లేచేసరికి నాయా ఫోన్లో జేవియర్‌కి వాయిస్ మెయిల్ పెడుతూ, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక తడబడుతుంటుంది. జరిగిన గొడవ మనకు మాటల్లోనే తెలుస్తుంది. తల్లి చెప్పింది ఒకలా ఉంటుంది, ఒమారి స్నేహితురాలు జాస్మిన్ చెప్పింది ఇంకోలా, ఒమారి తండ్రికి చెప్పుకున్నది మరోలా. దీన్ని ప్రదర్శించేవాళ్లు చేయకూడని తప్పు వెనక తెర మీద ఆ వీడియో వేసేయడం. వేశారంటే ప్రేక్షకుడు జడ్జి అయిపోతాడు: చెయ్యి ఎవరు ముందు ఎత్తారు, ఎంత గట్టిగా తోశాడు అని చూస్తాడు. వీడియో లేకపోతే మాత్రం ఆ క్షణానికి ముందు ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో ఆలోచించక తప్పదు. మోరిసోకి కావలసింది అదే.

నాటకం పేరే ఒక లెక్క చెబుతుంది. అమెరికాలో బడి నుంచి జైలుకి వేసిన గొట్టం అనే అర్థంలో ఈ మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. అది పనిచేసే తీరు ఇది. పిల్లవాణ్ణి సస్పెండ్ చేస్తారు. ఆ రోజుల పాఠాలు పోతాయి. వెనకబడతాడు. తిరిగొచ్చాక అర్థంకాని క్లాసులో విసుగుతో మళ్లీ ఏదో అంటాడు, మళ్లీ సస్పెన్షన్. బడిలోనే పోలీసు ఉంటే, ప్రిన్సిపాల్ గదిలో తేలాల్సిన గొడవ కోర్టు దాకా పోతుంది. 1994లో చేసిన ఫెడరల్ చట్టం తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించాలంది. తుపాకీ విషయంలో ఆ కాఠిన్యానికి అర్థముంది. కానీ ఏ తప్పునీ సహించేది లేదన్న ఆ ధోరణే తర్వాత చిన్న తప్పుల మీదికీ పాకింది.

ఈ శిక్షలు అందరికీ సమానంగా పడవు. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగం లెక్కల ప్రకారం 2015-16లో పబ్లిక్ స్కూల్ విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు 15 శాతం. బడివాళ్లు పోలీసులకు అప్పగించిన, లేదా బడి వ్యవహారాల్లో అరెస్టయిన విద్యార్థుల్లో మాత్రం 31 శాతం. ఇంతకంటే గుండెను పట్టేసే లెక్క 2011-12ది. అది ప్రీస్కూలుది, అంటే నాలుగేళ్ల పిల్లలది. నమోదులో నల్లజాతి పిల్లలు 18 శాతం. ఒకటికి మించి సార్లు సస్పెండ్ అయినవాళ్లలో 48 శాతం. నాలుగేళ్లవాడు ఏం చేసుంటాడు? బొమ్మ విసిరేస్తాడు, కొరుకుతాడు, పడుకోమంటే పడుకోడు.

పిల్లల ప్రవర్తనలోనే తేడా ఉందేమో అని అడిగేవాళ్లు ఉంటారు. విద్యా పరిశోధకుడు రస్సెల్ స్కిబా బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. తెల్ల పిల్లల్ని ప్రిన్సిపాల్ దగ్గరికి ఎక్కువగా పంపింది సిగరెట్టు కాల్చడం, వస్తువులు పగలగొట్టడం, చెప్పకుండా వెళ్లిపోవడం లాంటి వాటికి. అవి కంటికి కనబడే తప్పులు. నల్లజాతి పిల్లల్ని పంపింది మర్యాద లేదని, గోల చేశారని, బెదిరించారని. అవి చూసేవాడి మనసులో తయారయ్యే తప్పులు. ఒమారి విషయంలో మోరిసో ఈ సౌకర్యం తీసుకోలేదు. వాడు నిజంగానే తోశాడు. తప్పు చేసిన పిల్లవాడి పక్షాన నిలబడటం అమాయకుడి పక్షాన నిలబడటం కంటే కష్టం. నాటకం ఆ కష్టాన్నే ఎంచుకుంది.

ఇక నాయా తన కొడుకుని సొంత బడిలో ఎందుకు చేర్చలేదు? మనవాళ్లకి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. అమెరికాలో ఇల్లు చూసేటప్పుడు మన కుటుంబాల్లో వంటగది కంటే ముందు అడిగేది స్కూల్ రేటింగ్ ఎంత అని. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ బడుల్ని కలిపి నడిపే పరిధి) కోసం అదనంగా లక్ష డాలర్లు పెట్టడానికీ వెనకాడం. ఆ లక్ష ఎక్కడికి పోతుందో చూద్దాం.

పబ్లిక్ బడుల ఖర్చులో దాదాపు 45 శాతం స్థానికంగా, ముఖ్యంగా ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇంటి ధర పెరిగితే బడికి డబ్బు పెరుగుతుంది. బడి బాగుంటే ఇంటి ధర ఇంకా పెరుగుతుంది. దీనికి నిలువెత్తు సాక్ష్యం టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో. 1967-68 నాటి ఈ అంకెలు సుప్రీం కోర్టు తీర్పులోనే ఉన్నాయి. ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి పన్ను పడే ఆస్తి 5,960 డాలర్లు. అదే ఊళ్లోని అలమో హైట్స్‌లో 49,000కు పైన. ఎడ్జ్‌వుడ్ జనం 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టారు, ఆ నగర ప్రాంతంలో అదే అన్నిటికంటే ఎక్కువ రేటు. అలమో హైట్స్ వాళ్లు కట్టింది 85 సెంట్లు. రాష్ట్ర పథకానికి ఇవ్వాల్సిన వాటా పోగా బడికి మిగిలింది, ఎడ్జ్‌వుడ్‌లో పిల్లవాడికి 26 డాలర్లు, అలమో హైట్స్‌లో 333. ఎక్కువ పన్ను కట్టినవాడికే పేద బడి దక్కింది. ఎడ్జ్‌వుడ్ పిల్లల్లో దాదాపు 90 శాతం మెక్సికన్ అమెరికన్లు. వాళ్ల తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1973లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో వాళ్ల వాదన కొట్టేసింది. చదువు ఫెడరల్ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. విభేదించిన నలుగురిలో ఒకరు థర్‌గుడ్ మార్షల్, 1954లో బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న తీర్పు కోసం వాదించిన లాయరు.

మరుసటి ఏడాది, 1974లో, డెట్రాయిట్ వంతు. నగరంలోని బడుల్లో నల్లజాతి పిల్లలే మిగిలిపోతున్నారని, చుట్టుపక్కల శివారు డిస్ట్రిక్టులను కూడా కలిపి పిల్లల్ని బస్సుల్లో అటూ ఇటూ పంపాలని కింది కోర్టు చెప్పింది. సుప్రీం కోర్టు మళ్లీ 5-4తో కాదంది. వేర్పాటులో ఆ శివారు డిస్ట్రిక్టుల తప్పేమిటో రుజువైతే తప్ప వాటిని కలపకూడదంది. ఆ తీర్పుతో నగరానికీ శివారుకీ మధ్య ఉన్న గీత గోడ అయింది. మోరిసో పుట్టి పెరిగింది ఆ గోడకి ఇవతల.

ఇవి పాత కథలని అనుకోవద్దు. తర్వాత రాష్ట్రాలు పేద డిస్ట్రిక్టులకు నిధులు పెంచిన మాట నిజమే. అయినా ఎడ్‌బిల్డ్ సంస్థ 2019లో తీసిన లెక్కలో, ఎక్కువగా తెల్ల పిల్లలున్న డిస్ట్రిక్టులకు, ఎక్కువగా తెల్లవాళ్లు కాని పిల్లలున్న డిస్ట్రిక్టుల కంటే ఏడాదికి 2,300 కోట్ల డాలర్లు ఎక్కువ అందాయి. రెండు పక్కలా చదివే పిల్లల సంఖ్య దాదాపు సమానం.

ఇప్పుడు నాయా దగ్గరికి రండి. తన బడి ఎందుకిలా ఉందో ఆమెకు తెలుసు. తెలిసీ తన బిడ్డను తప్పించింది. తక్కినవాళ్ల బిడ్డలకి రోజూ పాఠం చెబుతోంది. ఈ పాత్ర చదివేవాళ్లు ఆ అపరాధభావాన్ని గొంతులో పెట్టుకోవాలి, ఏడుపులో కాదు.

నాటకానికి గుండెకాయ గ్వెండొలిన్ బ్రూక్స్ కవిత 'వి రియల్ కూల్'. నాయా క్లాసులో చెప్పే పాఠం అదే. 1959లో అచ్చయింది. బడి మానేసి పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) ఆడుకునే ఏడుగురు కుర్రాళ్ల మాటలుగా రాసింది. మొత్తం 8 పాదాలు, 24 మాటలు, అన్నీ ఒక్క అక్షరం పలికినంత పొట్టి మాటలు. ప్రతి వాక్యం 'వి'తో, అంటే 'మేం'తో మొదలవుతుంది. కానీ బ్రూక్స్, మొట్టమొదటిది తప్ప, ఆ మాటను పాదం మొదట్లో పెట్టకుండా ముందు పాదం చివర వేలాడదీసింది. 'మేం' అనేసి కుర్రాడు ఆగుతాడు, తను ఎవరో తనకే నమ్మకం లేనట్టు. చేసిన పని కింది పాదంలో వస్తుంది. ఆ మాటను మెల్లగా పలకాలని ఆమే చెప్పింది. చాలామంది నటులు దాన్ని గట్టిగా, డప్పు కొట్టినట్టు పలికి పాడుచేస్తారు. ఇంకోటి చూడండి. 7 పాదాల చివర 'వి' ఉంటుంది. 8వ పాదం చివర ఉండదు. అక్కడ చావు వస్తుంది, మేం అనేవాళ్లు మిగలరు.

దీన్ని తెలుగులోకి తెచ్చుకోవాలంటే మన వ్యాకరణమే అడ్డం తిరుగుతుంది. 'మానేశాం', 'తాగాం' అంటే చాలు, 'మేం' అనక్కర్లేదు. గుంపంతా ఆ చివరి 'ఆం'లోనే ఉంటుంది. ఇంగ్లీషులో పని నుంచి విడిపోయి వేలాడుతున్న మనిషి మన క్రియలో అతుక్కుపోతాడు. ఇక చివరి పాదంలో 'పోతాం' అన్నామా, చావు దగ్గర కూడా 'మేం' బతికే ఉంటుంది. బ్రూక్స్ చెరిపేసిన మనుషుల్ని మనం తిరిగి తెచ్చేసినట్టే. అందుకే ఈ కవిత దగ్గర తెలుగు అనువాదం చదవొద్దు. మూలమే చదివి, అర్థం పక్కన చెప్పుకుందాం.

ఈ కవిత చెబుతుండగానే నాయాకి ఆ కుర్రాళ్ల స్థానంలో ఒమారి కనిపిస్తాడు, ఊపిరాడక కుప్పకూలుతుంది. నటికి ఒక హెచ్చరిక. నిజంగా గబగబా ఊపిరి తీస్తే అర నిమిషంలోనే కళ్లు తిరగొచ్చు, వేళ్లు జివ్వుమంటాయి, తర్వాతి డైలాగు అందదు. లోపలికి తీసేటప్పుడు చప్పుడు చేయండి కానీ గాలి తక్కువే తీయండి. వదిలేటప్పుడు చప్పుడు లేకుండా పూర్తిగా వదలండి. పద్యనాటకం చేసినవాళ్లకి రాగం మధ్యలో ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలుసు. అదే విద్య, తిరగేసి వాడాలి.

స్టాఫ్ రూమ్ రంగాలకి వద్దాం. లోరీ తెల్ల టీచరు, చాలా ఏళ్ల సర్వీసు. ఒక విద్యార్థి తాలూకు వాళ్లు కొట్టడంతో ముఖానికి సర్జరీ అయి, తిరిగి డ్యూటీలో చేరింది. క్లాసులో పిల్లలు కలబడితే వాళ్లను విడదీయబోయి చీపురుతో కొడుతుంది. ఇదీ మనం చూడం, చెబితేనే వింటాం. సెక్యూరిటీ గార్డు డన్ సమయానికి రాలేదని ఆమె విరుచుకుపడుతుంది. అతని బాధ అతనిది. ఇక్కడ లోరీని విలన్‌గా చదివితే రంగం తేలిపోతుంది. ఒమారి తోశాడు, లోరీ కొట్టింది. ఇద్దరూ ఇరుకున పడ్డ మనుషులే. తేడా అంతా వాళ్ల తర్వాతి రోజులు ఎలా ఉంటాయన్న దాంట్లో ఉంది. డన్ చదివేవాళ్లు నవ్వు తెప్పించాలని చూడకండి. పిలుపులు ఎక్కువై మనుషులు తక్కువైన చోట పనిచేసేవాడి అలసట అది.

సెట్ గురించి ఒక్క మాట. పబ్లిక్ స్కూల్ అనగానే పెచ్చులూడిన గోడలు, విరిగిన బెంచీలు పెట్టాలనిపిస్తుంది. వద్దు. లింకన్ సెంటర్ ప్రదర్శనలో శుభ్రమైన తెల్ల గోడలు పెట్టి, వాటి మీదే బడి దృశ్యాలు ప్రొజెక్ట్ చేశారు. కొరత సున్నంలో కాదు, పిలిస్తే ఎవరు వస్తారు, ఎంతసేపటికి వస్తారు అన్న దాంట్లో కనబడాలి.

మనం ఇవాళ చేస్తున్నది మనలో మనం చదువుకోవడం. టికెట్ పెట్టినా పెట్టకపోయినా, జనం ముందు ఆడాలంటే హక్కులు తీసుకోవాలి, తెలుగు చేయాలంటే దానికి వేరే అనుమతి కావాలి. నల్లజాతి పాత్రల్ని నల్లజాతి నటులే వేయాలి. ముఖానికి రంగు పూసుకుని మనం వేయడమన్న ఆలోచనే రానివ్వకండి. ఆ పనికి అమెరికా రంగస్థలంలో నూరేళ్లకు మించిన అవమానాల చరిత్ర ఉంది.

చివరి రంగాల్లో నాయా ఒమారి స్కూలు బోర్డు సభ్యుల ముందు కొడుకు తరఫున మాట్లాడుతుంది. పరిషత్తు నాటికల అలవాటు కొద్దీ మనకి అక్కడ గొంతు పెంచి సందేశం ఇవ్వాలనిపిస్తుంది. ఆమె ఉపన్యాసం ఇవ్వడం లేదు, ఒక పిల్లవాడి సంవత్సరం కోసం బతిమాలుతోంది. ఎదురుగా ఉన్న ఒక్క మనిషి కళ్లలోకి చూసి చదవండి. ఆ తర్వాత ఒమారి తల్లికి ఒక జాబితా ఇస్తాడు, తనతో ఎలా ఉండాలో చెప్పే సూచనలు. ఆమే అడిగింది. అది చదివేటప్పుడు కరుణ కలపకండి. బజారుకి రాసిచ్చిన సామాన్ల చీటీ చదివినట్టు, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఊపిరికి సరిపడా ఆగి చదవండి.

టేబుల్ మీద 6 ప్రతులున్నాయి. నాయా ప్రతిలో 'నేటివ్ సన్' ప్రస్తావన వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీసి ఉంది, అక్కడ వేగం తగ్గించాలి. మొదటి రంగానికి కుర్చీ ఒకటి చాలు, ఒక ఫోను. అవతల ఎవరూ ఎత్తరు. బీప్ ఎవరు చెబుతారు?