పిండి మిషను పోయి కేఫ్ వచ్చింది: స్టూడియో చర్చ, మాటకు మాట

గోవిందరాజస్వామి గుడి వెనక ఒక సందులో ఏళ్ల తరబడి నడిచిన పిండి మిషను మూతపడి, ఆ చోటే గాజు తలుపుల కేఫ్ వచ్చింది. అప్పటి బోర్డు, ఇప్పటి బోర్డు పక్కపక్కన పెట్టిన ఫోటో వారం రోజులుగా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మా అమ్మ బియ్యం పట్టించింది ఆ మిషనులోనే, అందుకే దీని మీద టీవీ స్టూడియోలో జరిగిన చర్చను కూర్చుని మొత్తం రాసుకున్నాను. మాట మీద మాట పడినచోట సర్దకుండా వదిలేశాను.

యాంకర్: నమస్కారం. చెన్నై, బెంగళూరు డబ్బు వచ్చి మన తిరుపతి వీధుల్ని కొనేస్తోందా? ఇదీ ఇవాళ్టి చర్చ. నలుగురున్నారు, నలుగురికీ సమానంగా సమయం ఇస్తాం. ముందు ఆ ఇంటి యజమాని. సార్, మడిగె ఎవరికిచ్చారు, బయటివాళ్లకేనా?

ఇంటి యజమాని: బయటివాళ్లెవరండీ? ఇదిగో, పక్కనే కూర్చున్నాడు, మన ఊరి కొర్లగుంట కుర్రాడు. నన్ను పూర్తిగా చెప్పనివ్వండి, వారం నుంచి ఊరంతా నన్నే తిడుతోంది. ఆ మిద్దె మా నాయన కట్టింది. పిండి మిషనాయన నెలకు 4,000 బాడుగ ఇచ్చేవాడు, మంచోడే, నేను కాదనను. కానీ మిద్దె కురిస్తే ఎవరు చూడాలి? మిషను అదురుకు గోడ పగిలితే ఎవరు పూడ్చాలి? పైగా 2021లో ఆస్తి పన్ను లెక్కే మార్చేశారు. అంతకుముందు బాడుగ విలువను చూసి వేసేవాళ్లు, ఇప్పుడు ఆస్తి విలువను చూసి వేస్తున్నారు. వీధిలో రేటు పెరిగితే చాలు, నా బాడుగ పెరిగినా పెరగకపోయినా నా పన్ను పెరుగుతుంది.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ అధికారి: ఒక్క మాట. ఏటా 15 శాతానికి మించి పెంచకూడదని దానికి పరిమితి...

యజమాని: పెరుగుతుందా లేదా సార్, అది చెప్పండి. ఏటా పదిహేను తక్కువా?

అధికారి: తక్కువ అనలేదు, పరిమితి ఉందంటున్నాను.

యజమాని: పరిమితి కాగితం మీద ఉంటుంది, పన్ను నా జేబులోంచి పోతుంది. ఇల్లు నాది, కరెంటు మీటరు నాది, ఇంటి మీద అప్పు నాది. బాడుగ ఎంతుండాలో మాత్రం వాట్సాప్ గ్రూపు చెబుతుందా?

యాంకర్: పాయింటే. కానీ సార్, మీ వీధిలో ఇళ్లు కొన్నవాళ్లలో బయటివాళ్లు...

పూల వ్యాపారి: సామీ, నేనొక మాట...

యాంకర్: వస్తానమ్మా, మీ దగ్గరికే వస్తున్నాను. ముందు కేఫ్ నడిపే తమ్ముడు చెప్పాలి. నీ కాఫీ తాగేది ఎవరు? బయటినుంచి వచ్చినవాళ్లేనా?

కేఫ్ నడిపే యువకుడు: అందరూ వస్తారండీ. యూనివర్సిటీ పిల్లలు, దర్శనం చేసుకుని దిగినవాళ్లు, శనాదివారాల్లో కార్లలో వచ్చేవాళ్లు. నేను ఇంజినీరింగ్ చదివాను, బెంగళూరులో మూడేళ్లు పనిచేసి, అమ్మానాన్నల దగ్గర ఉండాలని తిరిగొచ్చాను. అప్పు చేసి పెట్టిన అంగడి ఇది. నాదీ పదకొండు నెలల అగ్రిమెంటే. వచ్చే ఏడాది బాడుగ పెంచితే నా పరిస్థితీ పిండి మిషనాయన పరిస్థితే. ఆ టెన్షన్‌తో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు.

యజమాని: అంత పెంచుతానని ఎవరన్నారు నీతో?

యువకుడు: పెంచనని కూడా ఎవరూ అనలేదు కదన్నా.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఈ నాలుగైదు మాటలు వినబడలేదు.)

యజమాని: ...ఈ ఊరు ఎప్పుడు మారలేదు చెప్పండి? 1130 ప్రాంతంలో రామానుజాచార్యుల వారు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠ చేశారని చెప్పుకుంటాం, ఆ గుడి చుట్టూనే కదా వీధులు లేచాయి. 1886లో మున్సిపాలిటీ, 2007లో కార్పొరేషన్, 2022లో జిల్లా కేంద్రం. ఊరు ఇంత పెరగొచ్చు, నా ఒక్క మడిగె మాత్రం మారకూడదా?

అధికారి: మారడం తప్పని నేనూ అనను. మారే తీరు వేరు. మీ వీధిలో ఒక ఇల్లు లాడ్జి అయింది, తర్వాత ఇంకొకటి. ఇంట్లో ఉండేవాళ్లకు పప్పు, ఉప్పు, పిండి మిషను, టైలరు, సైకిల్ రిపేరు కావాలి. ఒక రాత్రి పడుకుని తెల్లారి పోయేవాళ్లకు అవేవీ అక్కర్లేదు, వాళ్లకు కావలసింది కాఫీ, బ్యాగు, బొమ్మ. ఇళ్లు తగ్గేకొద్దీ ఇంటికి కావలసిన అంగళ్లకు బేరం పడిపోతుంది. బేరం పడ్డాక బాడుగ కట్టలేరు. అంటే పిండి మిషను మూయడానికి ముందే దానికి పిండి పట్టించేవాళ్లు...

యాంకర్: అద్భుతం సార్. మరి ఆ లాడ్జీలు కొన్నది ఎవరు? బయటివాళ్లే కదా?

అధికారి: కొందరు బయటివాళ్లు, కొందరు ఇక్కడివాళ్లే. అసలు విషయం అది కాదండీ.

యాంకర్: ప్రేక్షకులు అడుగుతున్నది అదే సార్.

యజమాని: అసలు బేరాలు ఎందుకు పడ్డాయో నేను చెబుతాను. శ్రీనివాస సేతు! ఆ ఫ్లైఓవరు 2023లో తెరిచారు, దాదాపు 7 కిలోమీటర్లు. అంతకుముందు కొండకు పోయే బండ్లన్నీ లీలామహల్ దగ్గర ఆగి ఆగి పోయేవి, జనం దిగి ఏదో ఒకటి కొనేవాళ్లు. ఇప్పుడు పైనుంచి కపిలతీర్థం దాకా పోతున్నారు, కింద బజారు ఉందన్న సంగతే తెలియదు.

యువకుడు: అన్నా, ఆ ట్రాఫిక్‌లో నేను కాలేజీకి పోయినవాణ్ని, గంటలకొద్దీ నిలబడేవాళ్లం. సేతు మంచిదే.

యజమాని: మంచిది కాదని అన్నానా? బేరం గురించి చెబుతున్నా. అందరికీ పగవాడు ఇంటి ఓనరే అయిపోయాడు!

(సేతు మీద ఇంకో ఐదు నిమిషాలు గడిచాయి. స్తంభాల కింద పార్కింగు, ఆటో స్టాండు, వాన నీళ్లు. పిండి మిషను మాట రాలేదు. పూలమ్మే ఆమె అప్పటికి మూడుసార్లు చెయ్యెత్తారు.)

యాంకర్: అమ్మా, మీరు. క్లుప్తంగా. బయటి వ్యాపారుల వల్ల మీకు ఇబ్బంది ఉందా?

పూల వ్యాపారి: బయటివాళ్లు, లోపలివాళ్లు నాకు తెలీదు సామీ. నేను తోపుడు బండి మీద మల్లెలు, కనకాంబరాలు అమ్ముతాను. కొండకు పోయేవాళ్లు నా దగ్గర కొనరు. కొండ మీద ఆడవాళ్లు పూలు పెట్టుకోరు కదా, పూలన్నీ స్వామివే. ఊరంతా యాత్రికులే అంటారు, వాళ్లతో నాకు దక్కేది తక్కువ. నా బేరమంతా ఆ సందులో కాపురముండే ఆడవాళ్లతోనే. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పిల్ల వచ్చి మూరో రెండు మూర్లో పట్టుకుపోయేది. శుక్రవారమైతే బుట్ట ఖాళీ. ఇప్పుడు ఆ ఇళ్లకు నంబర్లేసి రూములన్నారు. రూములోనోళ్లు మూర పూలు ఏం చేసుకుంటారు?

యాంకర్: అయ్యో.

పూల వ్యాపారి: గంగమ్మ జాతరకు వేషం కట్టినోళ్లు గడపకొస్తే హారతి ఇచ్చి పసుపు నీళ్లు పోయాలి కదా. రేపు గడపలో ఎవరుంటారు, రిసెప్షను పిల్లోడా? ఇంకోటి సామీ, మిషను అరుగు పక్కన నా బండి ఉండేది. ఇప్పుడు అరుగు కొట్టేసి మెట్లు కట్టారు, బండి తీయమన్నారు. నా దగ్గర వీధి వ్యాపారి కార్డుంది. మాలాంటోళ్లకు అప్పిచ్చే స్వనిధి పథకం కింద 10,000 తీసుకుని కట్టేశాను, తర్వాత 20,000 తీసుకున్నాను, అదీ కడుతున్నాను. కార్డున్నా...

యజమాని: నేను తీయమనలేదమ్మా, కార్లు ఆగడానికి చోటు లేదని చెప్పాను.

పూల వ్యాపారి: రెండూ ఒకటే కదా సామీ.

అధికారి: ఇక్కడ చట్టం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం. ముందు సర్వే చేయాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ కదిలించకూడదు. తర్వాత తీయాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఇంటి యజమాని నోటి మాటతో బండి తీయించడమన్నది ఇందులో ఎక్కడా లేదు. ఈమెను అడిగి చూడండి, ఆ కమిటీ...

యజమాని: చట్టం రోడ్డుకు సార్, నా గోడకు కాదు! నా వాకిలి ముందు బండి పెడితే నేను ఎట్లా దిగాలి? అంబులెన్సు రావాలంటే ఎట్లా? అందరూ జాలి మాటలు చెబుతారు, మిద్దె కురిసినప్పుడు ఒక్కరూ రారు. మిషనాయనను నేను తరమలేదు. కొత్త బాడుగ ఇది అని చెప్పాను, ఆయనే వెళ్లిపోయాడు.

అధికారి: ఎన్ని రెట్లు చెప్పారు?

యజమాని: అది మా ఇద్దరి మధ్య మాట.

అధికారి: చర్చంతా దాని మీదే కదండీ.

యాంకర్: సార్, సమయం తక్కువుంది. ఒక్కటి మాత్రం అందరం ఒప్పుకోవాలి, యజమాని గారి వాదనలో బలముంది. ఆస్తి ఆయనది, పన్ను ఆయనది. సమస్యంతా బయటి డబ్బుతోనే అని...

అధికారి: నేనలా ఒప్పుకోలేదు!

యువకుడు: నేనూ ఒప్పుకోలేదు. అక్కా, ఒక్క నిమిషం. మా మెట్ల కింద ఎడమ పక్క చోటుంది. సాయంత్రం ఐదు నుంచి అక్కడ పెట్టుకో నీ బండి. నాకేం అడ్డం లేదు.

పూల వ్యాపారి: నిజంగానా నాయనా?

యజమాని: ఏమబ్బా, మెట్లు నావి. నన్నడగాలి కదా ముందు?

యువకుడు: బాడుగ కట్టేది నేనన్నా.

యజమాని: లోపలికి కడుతున్నావు. మెట్ల కింద అగ్రిమెంటులో లేదు, ఇంటికి పోయి తీసి చూసుకో.

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

యాంకర్: బ్రేక్ తీసుకోవాలి, తప్పదు. రేపు ఇదే సమయానికి ఇదే అంశం మీద రెండో భాగం. యజమాని గారూ, మీరు తప్పక రావాలి. అమ్మా, మీకు వీలైతే...

పూల వ్యాపారి: రేపు శుక్రవారం సామీ.