కేరళలో సగం నేల, ఇద్దరు ఎంపీలు

సభకు నమస్కారం. నన్ను పిలిచి మాట్లాడమన్న గ్రంథాలయం వారికి కృతజ్ఞతలు. ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను, విసుక్కోకండి.

మన పాత అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. కేరళ రాష్ట్రమంతా కలిపితే 38,863. అంటే మన ఒక్క జిల్లా కేరళలో దాదాపు సగం. లోక్‌సభలో కేరళకు 20 మంది. రాయదుర్గం నుంచి కదిరి దాకా, తాడిపత్రి నుంచి మడకశిర దాకా 14 అసెంబ్లీ నియోజకవర్గాల మనకు ఇద్దరు: ఒకరు అనంతపురం, ఒకరు హిందూపురం.

ఈ మాట తరగతిలో అనగానే వెనుక వరుసలో ఎవరో ఒకడు లేచేవాడు. ‘‘అక్కడ జనం ఎక్కువ కదా సార్!’’ నిజమే. 2011 జనగణనలో కేరళ జనాభా 3.34 కోట్లు, మనది సుమారు 40.8 లక్షలు. సరే, భాగించండి. అక్కడ ఒక ఎంపీకి 16.7 లక్షల మంది, ఇక్కడ 20.4 లక్షల మంది. నేలతో కొలిచినా తలలతో కొలిచినా మనకే తరుగు.

తలల లెక్కతో మెట్టసీమకు నష్టమని మన పెద్దలు ముందే పసిగట్టారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, సీమ నాయకులు ఒప్పందం రాసుకున్నారు. నీళ్ల గురించి, రాజధాని లేక హైకోర్టు గురించి అందరికీ గుర్తుంది. అందులోనే చట్టసభ స్థానాలను వీలైనంత వరకు జిల్లాకు సమానంగా పంచాలనే మాట కూడా ఉంది. అది ఎవరికీ గుర్తులేదు. అది రాష్ట్ర సభ గురించిన మాటే, ఢిల్లీ గురించి కాదు. కానీ దాని వెనకున్న భయం ఒకటే: నీళ్లున్నచోట జనం పెరుగుతారు, జనం పెరిగినచోట సీట్లు పెరుగుతాయి, సీట్లున్నచోటికి మళ్లీ నీళ్లు వెళతాయి. తర్వాత వచ్చిన రాజ్యాంగం జనాభానే కొలబద్దగా పెట్టుకుంది. ఆ రాజ్యాంగ సభలో మన జిల్లావారు కల్లూరు సుబ్బారావు, నీలం సంజీవరెడ్డి ఇద్దరూ కూర్చున్నారు.

1952 ఎన్నికల గురించి మా అవ్వ చెప్పేది. అప్పట్లో కాగితం మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దాని మీద గుర్తు. కాడెద్దులు ఒకదాని మీద, కంకి కొడవలి ఇంకొకదాని మీద. కాగితం మడిచి నచ్చిన పెట్టెలో వేయాలి. అవ్వ ముందు పెట్టెకు దండం పెట్టిందట, తర్వాత కాగితం వేసిందట. ఏ పెట్టెకని ఎన్నిసార్లు అడిగినా నవ్వేది తప్ప చెప్పేది కాదు.

ఆ ఎన్నికల్లోనే తరిమెల నాగిరెడ్డి మద్రాసు శాసనసభ స్థానంలో సంజీవరెడ్డిని ఓడించారు. ఇద్దరూ బావాబావమరుదులు. ఓడిన బావ రాజ్యసభకు వెళ్లారు. గెలిచిన బావమరిది 1957లో కమ్యూనిస్టుగా అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. కడపకైతే 1952లో, మళ్లీ 1962, 67, 71లలో కమ్యూనిస్టు ఎద్దుల ఈశ్వరరెడ్డే ఎంపీ. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెబితే నా వయసు మీద అనుమానంగా చూస్తారు.

ఇక సంజీవరెడ్డిగారి కథ. 1967లో హిందూపురం ఆయనను గెలిపించింది, సభ ఆయనను స్పీకర్‌ను చేసింది. జిల్లా పొంగిపోయింది. కానీ ఒకటి ఆలోచించండి. స్పీకర్ ప్రశ్నోత్తరాల సమయంలో ప్రశ్న వేయడు. 1969 జులైలో ఆయన ఆ కుర్చీ దిగేదాకా, రెండేళ్లకు పైగా, పెనుకొండ చెరువు గురించో ధర్మవరం మగ్గం గురించో హిందూపురం ఎంపీ నోట ఒక్క ప్రశ్న రావడానికి వీలులేదు. ఉన్న రెండు గొంతుల్లో ఒకటి అతి పెద్ద కుర్చీలో కూర్చుని మౌనంగా ఉంది. తప్పు ఆయనది కాదు, ఆ పదవి తీరే అంత.

1977లో నంద్యాలకూ అదే అనుభవం. రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వి. జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్కటి నంద్యాల, సంజీవరెడ్డిగారే. మార్చిలో మళ్లీ స్పీకర్, జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి. నంద్యాలకు ఆయన ఎంపీగా ఉన్నది నాలుగు నెలలు. 1991లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావుకు సభ్యత్వం కావలసి వచ్చినప్పుడు ఆ ఊరే సీటు ఇచ్చింది, మెజారిటీ దాదాపు 5 లక్షల 80 వేలు. 1996లో ఆయన నంద్యాల, ఒడిశాలోని బరంపురం రెండూ గెలిచి, బరంపురాన్ని ఉంచుకున్నారు. ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానిని మోసిన నియోజకవర్గమని నంద్యాల మిత్రులు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. పక్క జిల్లావాడిని, నాకు కొంచెం అసూయ ఉండవచ్చు.

ఇప్పుడు రాబోయేదాని సంగతి. రాష్ట్రాలకు లోక్‌సభ సీట్ల సంఖ్య 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగి ఉంది. 1976లో వేసిన ఆ తాళాన్ని 2001లో 84వ సవరణతో 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించారు. ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. దక్షిణాది సీట్లు తగ్గుతాయా అని అందరూ మాట్లాడుతున్నారు. నా గుబులు ఇంకా ఇంటికి దగ్గరిది.

మన దేశంలో తలలు లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. వేరుశనగ పీకేసి, కూలి దొరక్క, కదిరి వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరు బస్సెక్కేదీ ఆ రోజుల్లోనే. ఓటు ఇక్కడ, తల అక్కడ. పోలింగ్ రోజుకు బస్సు ఎక్కించి రప్పించేవాళ్లున్నారు. లెక్కలవాళ్లు వచ్చిన రోజుకు మాత్రం ఆ ఇంటికి తాళం, గడప ముందు నెల రోజుల కిందటి ముగ్గు.