డిస్క్ గోల్ఫ్ డ్రైవర్లు: బ్యాక్‌హ్యాండ్‌కు ఏది, ఫోర్‌హ్యాండ్‌కు ఏది? ఏడు డిస్కులు, నల్లగొండ చెల్కల టెస్ట్

నమస్తే. డిస్క్ గోల్ఫ్ అంటే గోల్ఫ్ తీరు ఆటనే, బంతిని కొట్టే బదులు డిస్కును ఇసిరి బుట్టల ఏయాలె. డ్రైవర్ అంటే అండ్ల దూరం పోవుటానికి ఇసిరే డిస్కు. టేబుల్ మీద ఏడు డ్రైవర్లున్నయి: లెపర్డ్, టీబర్డ్, సైడ్‌వైండర్, థండర్‌బర్డ్, ఫైర్‌బర్డ్, రెయిత్, డెస్ట్రాయర్. ఏడూ ఇన్నోవా కంపెనీవే. కావాలనే గట్ల పెట్టినం. డిస్కు మీద రాసే నాలుగు నంబర్లు ఏ కంపెనీకి ఆ కంపెనీ తన అంచనాతోని ఏసుకుంటది. ఒకరి 9కి ఇంకొకరి 9కి లెక్క కుదరదు. ఒక్క కంపెనీ అయితే పోల్చుటానికి జర సాఫుగ ఉంటది.

ఇసిరేటోళ్లు ఇద్దరు, ఇద్దరిదీ కుడి చెయ్యే. ఒకరు బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యిని ఛాతీ ముందు నుంచి అవతలి పక్కకు తీసి ఇసురుడు. ఒకరు ఫోర్‌హ్యాండ్, అంటే ఇసిరే చెయ్యి పక్క నుంచే అరచెయ్యి ముందుకు పెట్టి ఇసురుడు. ఎడమచేతోళ్లు చూస్తుంటే నేను కుడి అన్నకాడ ఎడమ, ఎడమ అన్నకాడ కుడి అనుకోండ్రి. మిగతాదంత అదే.

గ్రౌండు నల్లగొండ బయట చెల్క. టైము పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది లోపల. ఆషాఢం గాలి సంగతి మనకు తెలిసిందే, పడమటి గాలి లేసినంక మీరు టెస్ట్ చేసేది డిస్కును కాదు, గాలిని. ముగ్గుతోని 10 మీటర్లకొక గీత, 120 మీటర్ల దాక కొట్టినం. ఒక్కో డిస్కు ఐదు సార్లు, ప్రతిసారి వరుస మార్చుకుంట. ఎప్పుడూ ఒక్కటే వరుసల ఇసిరితే చివరి డిస్కు కాడికి వచ్చేవరకు చెయ్యి అలిసిపోతది, తప్పు పాపం దాని మీద పడ్తది. మీటర్లు మాత్రం చదివి వినిపియ్యం. మా చెయ్యి మీటర్లు మీకేం పనికొస్తయి? డిస్కు ఏ గీత కాడ మర్లింది, ఏ గీత కాడ దిగింది, అది చూడుండ్రి.

నంబర్లు చెప్పుకుందాం. ఇది డెస్ట్రాయర్: 12, 5, మైనస్ 1, 3. మొదటిది స్పీడ్, రెండోది గ్లైడ్, మూడోది టర్న్, నాలుగోది ఫేడ్.

అసలు తకరారంత స్పీడ్ కాడనే. 12 అంటే ఈ డిస్కు బాగ ఉరుకుతది అని కాదు, మీ చెయ్యి నుంచి గంత వేగం అడుగుతది అని. అడిగినంత ఇయ్యకపోతే మిగతా మూడు నంబర్లు కూడ అబద్ధమైపోతయి. గ్లైడ్ అంటే గాల్ల ఎంతసేపు తేలుతది అని. టర్న్ అంటే వేగం మీదున్నప్పుడు ఎంత పక్కకు వాల్తది అని. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు అది కుడివైపు. మైనస్ ఎంత పెద్దగుంటే వాలుడు అంత ఎక్కువ. ఫేడ్ అంటే వేగం తగ్గినంక చివర్ల ఎడమకు ఎంత కొక్కెం ఏస్తది అని.

ఎందుకు ముందు కుడికి, చివర్ల ఎడమకు? బొంగరం తిప్పినోళ్లకు ఇది తొందరగ అర్థమైతది. తిరిగే బొంగరాన్ని వేలుతోని ముందుకు నెడితే అది ముందుకు పోదు, పక్కకు వాల్తది. డిస్కు కూడ అంతే. వేగం ఎక్కువున్నప్పుడు గాలి డిస్కు వెనక సగాన్ని ఎక్కువ లేపుతది, ముక్కు, అంటే ముందటి అంచు, కిందికి పోవాలె. కానీ డిస్కు తిరుగుతున్నది కాబట్టి ఆ ఒత్తిడి పక్క వాలుగ మారుతది. వేగం తగ్గినంక లేపుడు ముందు సగానికి వస్తది, వాలు ఉల్టా అయితది. బ్యాక్‌హ్యాండ్‌ల డిస్కును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తీరుగ తిరుగుతది, ఫోర్‌హ్యాండ్‌ల దానికి ఎదురు. అందుకే ఫోర్‌హ్యాండ్‌కు టర్న్ ఎడమకు, ఫేడ్ కుడికి.

ముందు బ్యాక్‌హ్యాండ్.

లెపర్డ్: 6, 5, మైనస్ 2, 1. అంచు సన్నం, చిన్న చెయ్యిలకు కూడ మంచిగ పట్టు దొరుకుతది. చూడుండ్రి, మూడో గీత దాటినంక కొద్దిగ కుడికి వాలింది, ఆఖర్ల మెల్లగ సీదా అయ్యి దిగింది. ఇది పెద్ద బలం అడగదు. కొత్తోళ్లు మొదటి డ్రైవర్ ఏది కొనాలె అంటే నా జవాబు ఇదే, రెండో ఆలోచన లేదు.

టీబర్డ్: 7, 5, 0, 2. టర్న్ సున్నా. సీదా పోతది, చివర్ల ఎడమకు ఒద్దికగ దిగుతది. బత్తాయి తోటల రెండు సాళ్ల నడుమ నుంచి ఇసరాల్సి వచ్చిందనుకోండ్రి, నా చెయ్యి దీని మీదికే పోతది.

సైడ్‌వైండర్: 9, 5, మైనస్ 3, 1. దీన్ని సాపుగ ఇసిరితే కుడికి దొర్లి కింద పడ్తది, అది డిస్కు తప్పు కాదు. బయటి అంచు కిందికి వంచి ఇసురుండ్రి, దాన్ని హైజర్ అంటరు. ఇగో స్లో మోషన్‌ల చూడుండ్రి: వంగి పోయింది, గాల్లనే తనంతట తాను సాపు అయ్యింది, అక్కడి నుంచి తేలుకుంట పోయింది. తక్కువ బలానికి ఎక్కువ దూరం ఇచ్చేది ఇట్లనే.

రెయిత్ 11, 5, మైనస్ 1, 3. డెస్ట్రాయర్ కంటే స్పీడ్ ఒక్క నంబరే తక్కువ, మిగతావి అవే. చెయ్యిల పట్టుకుంటే తేడా తెలుస్తది. డెస్ట్రాయర్ అంచు వెడల్పు సుమారు 2.2 సెంటీమీటర్లు. లెపర్డ్‌ది దానికంటే అర సెంటీమీటరు దాక సన్నం. ఈ అర సెంటీమీటరు కాడనే చిన్న వేళ్లు మోసపోతయి. నాలుగు వేళ్లు లోపలి అంచుకు ఒత్తి పట్టాలె, అంచు వెడల్పయితే వేలి కొసలు మాత్రమే ఆనుతయి. చెమట పట్టిందంటే డిస్కు అనుకున్నదానికంటే ముందే జారి ఎడమకు పోతది. ఇంక మన ఎర్ర దుబ్బ సన్నగ పట్టి లోపలి అంచు నునుపు చేస్తది. ఒక తడి తువ్వాల, ఒక పొడి తువ్వాల నడుముకు కట్టుకోండ్రి, ప్రతి ఇసురుకు ముందు లోపలి అంచు తుడువుండ్రి.

డెస్ట్రాయర్ దగ్గర అందరు చేసే తప్పు చూపిస్త. ఇది కావాలని సగం బలంతోని ఇసిరినది. లేసింది, నాలుగో గీత కాడికే ఎడమకు మర్లింది, దబ్బున పడ్డది. అదే బలంతోని లెపర్డ్ ముందుకు పోయి పడ్డది. మోటు లెక్క చెప్త: లెపర్డ్ లాంటిది 75 మీటర్లు దాటి సీదా పోతలేదా, 9 స్పీడ్ కొనకుండ్రి. 9 స్పీడ్‌తోని 100 మీటర్ల దరిదాపులకు వస్తే రెయిత్. డెస్ట్రాయర్ 110 పైన ఇసిరేటోళ్లది.

ఇంకో తప్పు ముక్కు పైకి లేసుడు. బలం సరిపోయినా ముక్కు లేస్తే డిస్కు గాలిపటం లెక్క పైకి ఎక్కి, ఆగి, ఎడమకు జారుతది. చాలమంది దీన్ని చూసి డిస్కు బాగలేదంటరు. మణికట్టు చూసుకోండ్రి. చెంబుతోని నీళ్లు ఒంపేటప్పుడు మణికట్టు ఎట్ల కిందికి దిగుతదో, చెయ్యి వెనకకు తీసినప్పటి నుంచి వదిలేదాక అట్లనే ఉండాలె. ఇంకొకటి, డిస్కు ఛాతీకి దగ్గర నుంచి సీదా గీతల రావాలె. చుట్టూ గుండ్రంగ తిప్పుకుంట వస్తే ఎక్కడ వదులుతరో మీకే తెల్వదు.

ఇప్పుడు ఫోర్‌హ్యాండ్. మన పోరగాళ్లకు ఇదే సులువుగ వస్తది. క్రికెట్ల బౌండరీ కాడి నుంచి పక్క చెయ్యితోని త్రో కొట్టుడు, చెరువుల పెంకును కప్పగంతులు ఏపిచ్చుడు, అదే చెయ్యి, అదే మోచెయ్యి. కానీ ఒక తిరకాసు ఉన్నది. బంతికి, పెంకుకు బలం చాలు. డిస్కుకు బలం కంటే తిరుగుడు ముఖ్యం. క్రికెట్ చెయ్యికి వేగం ఎక్కువ, తిరుగుడు తక్కువ. తిరుగుడు తక్కువైన డిస్కు తల ఊపుతది, తల ఊపే డిస్కుకు నంబరు కంటే ఎక్కువ టర్న్ వస్తది.

అందుకే అదే సైడ్‌వైండర్ ఫోర్‌హ్యాండ్‌ల చూడుండ్రి. వదిలిన వెంటనే గడగడ వణికింది, ఎడమకు బోర్ల పడ్డది. బ్యాక్‌హ్యాండ్‌ల అంత ముద్దుగ తేలిన డిస్కు ఇదే. లెపర్డ్ కూడ గట్టిగ కొడితే ఇదే కథ.

థండర్‌బర్డ్: 9, 5, 0, 2. ఈ వీడియోల ఫోర్‌హ్యాండ్‌కు నాకు నచ్చింది ఇది. కొద్దిగ వణికినా ఓర్చుకుంటది, నిలబడి సీదా పోతది, చివర్ల కుడికి మెల్లగ దిగుతది.

ఫైర్‌బర్డ్: 9, 3, 0, 4. ఫోర్‌హ్యాండ్ అంటే ఫైర్‌బర్డే కొనాలె అని చాలమంది చెప్తరు. నేను సగమే ఒప్పుకుంట. గ్లైడ్ 3 అంటే తేలదు, ఫేడ్ 4 అంటే గట్టిగ కుడికి కోస్తది. దాని వల్ల మీ చెయ్యి ఎంత వణికించినా ఫైర్‌బర్డ్ దాచిపెడ్తది. ఆర్నెల్లు అదే ఇసిరినోళ్లకు తమ తప్పు తమకు తెల్వదు. మొదలు థండర్‌బర్డ్, రెండోది ఫైర్‌బర్డ్. ఎదురుగాలికి, చెట్టు చుట్టు మలిపి ఏసుటానికి మాత్రం ఫైర్‌బర్డ్‌కు సాటి లేదు. తల మీది నుంచి నిలువుగ ఇసిరే థంబర్, టోమాహాక్‌కు కూడ ఇదే, కానీ భుజం వేడెక్కకుండ చేయకుండ్రి.

ఫోర్‌హ్యాండ్ పట్టు దగ్గర నుంచి చూపిస్త. నడిమి వేలు మెత్తటి భాగం లోపలి అంచుకు ఒత్తాలె. చూపుడు వేలు దానికి ఆనిచ్చి పెట్టాలె. బొటనవేలు పైన గట్టిగ నొక్కాలె, అరచెయ్యికి డిస్కుకు నడుమ ఖాళీ ఉండొద్దు. మోచెయ్యి నడుముకు దగ్గరగ, వదిలినంక అరచెయ్యి ఆకాశం వైపు. అరచెయ్యి నేల చూసిందంటే మణికట్టు దొర్లినట్టే, డిస్కు కూడ దొర్లుతది.

గాలి గురించి రెండు ముక్కలు. ఎదురుగాలిల డిస్కుకు తగిలే వేగం పెరుగుతది, కాబట్టి టర్న్ పెరుగుతది: సైడ్‌వైండర్ సంచిల పెట్టి ఫైర్‌బర్డ్ తియ్యుండ్రి. వెనక గాలిల దానికి ఉల్టా, తొందరగ దిగుతది: లెపర్డ్, సైడ్‌వైండర్‌కు అది పండుగ.

ఇగ ఎక్కువమంది పట్టించుకోని సంగతి. ఈ రెండూ రెయిత్‌లే, నంబర్లు ఒక్కటే, ఒకటి ఇంకోదానికంటే తొందరగ దిగుతది. ఎందుకు? షాబాదు బండ మీద రెండూ పక్కపక్కన పెట్టుండ్రి, కన్ను బండ ఎత్తుకు తెచ్చి చూడుండ్రి. అంచు చుట్టు ఒక సన్నటి గీత కనవడ్తదా? అచ్చు రెండు ముక్కలు కలిసిన కాడ పడే గీత అది. ఆ గీత బండకు ఎత్తుల ఉంటే డిస్కు మొండిది, తొందరగ దిగుతది. కిందికి ఉంటే టర్న్ ఎక్కువ. దుకాణంల కొంటే ఈ పని అక్కడనే చేయుండ్రి.

ఇన్నోవా ప్లాస్టిక్ రకాలల్ల డీఎక్స్ చవుక, పట్టు బాగుంటది, కానీ మన రాళ్ల నేలకు తొందరగ అరుగుతది. అరిగిన కొద్ది టర్న్ పెరుగుతది. ఛాంపియన్, స్టార్ గట్టివి, ఆకారం ఎక్కువ రోజులు ఉంటది. నా సలహా, లెపర్డ్ డీఎక్స్‌ల, ఫైర్‌బర్డ్ ఛాంపియన్‌ల. బండకు తగిలి అంచుకు లేసిన పొట్టును చూపుడు వేలుతోని తడిమితే గీరుకుంటది. 400 నంబరు సాండ్ పేపర్‌తోని ఆ పొట్టు వరకే రుద్దుండ్రి. గీతలు నునుపు చేసుకునుడు వరకు పోటీ రూల్సు కూడ ఒప్పుకుంటయి, ఎగురుడు మారేటట్టు చెక్కుడు ఒప్పుకోవు.

బరువు సంగతి: పోటీ రూలు ప్రకారం డిస్కు అడ్డం కొలతల ఒక్కో సెంటీమీటరుకు 8.3 గ్రాములు దాటొద్దు. డ్రైవర్లు 21 సెంటీమీటర్ల చిల్లర ఉంటయి, అందుకే 175, 176 గ్రాముల పైన కనవడవు. చెయ్యి బలం తక్కువున్నోళ్లు, పిల్లలు 150 గ్రాములది తీసుకోండ్రి. గాలికి జర ఎక్కువ ఊగుతది, అంతే.

ఒక హెచ్చరిక. 1983ల ఇన్నోవా ఈగల్ అనే డిస్కుతోని అంచు చెక్కినట్టు సన్నం చేసింది. అప్పటి నుంచి ఇది ఫ్రిస్బీ కాదు. ఎదురుగ నిలబడి పట్టుకునే ఆట ఆడకుండ్రి, వేళ్లు, పండ్లు పోతయి. పొద్దుగాల వాకింగ్‌కు వచ్చేటోళ్లు, బర్లు పోయేదాక ఆగుండ్రి. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద సరదాగ ఇసురుదాం అనుకునేటోళ్లకు: ఈ ఏడింటిల నీళ్లల్ల పడ్డది ఏదైనా దొరకదు అనుకోండ్రి, డ్రైవర్లు చాల మటుకు మునిగేటియే.

ఎండాకాలం బండి డిక్కిల పెట్టి మరిచిపోతే డిస్కు వంకరపోతది. వేడి నీళ్లల్ల ఐదు నిమిషాలు పెట్టి, అదే షాబాదు బండ మీద బోర్లేసి చల్లారేదాక వదిలేయుండ్రి, చాల వరకు సీదా అయితది.

రంగు చూసుకొని కొనుండ్రి. ఎర్ర చెల్కల ఎర్రది, నారింజది కనవడదు, వానలు పడ్డంక పచ్చది కనవడదు. మా ఏడింటిల సర్కారు తుమ్మల పడ్డా దూరం నుంచి మెరిసింది లేత నీలం థండర్‌బర్డ్ ఒక్కటే. తీసుకునేటప్పుడు మాత్రం చెప్పులతోని పోకుండ్రి, బూట్లు ఏసుకొని పోండ్రి, చేతుల పొడువు కట్టె ఉండాలె.