చీనీ తోట బోరు: ముందు ఏ భాగాన్ని బాగు చేయాలి?

నమస్కారం. అనంతపురం జిల్లాలో చీనీ తోట ఉన్నవారికి మే నెలలో బోరు ఆగితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే చాలామంది వేసవి రాకముందే కొత్త మోటారు కోసం అప్పు చేస్తారు. ఆ అప్పు అవసరమా అన్నదే ఇవాళ్టి లెక్క.

స్టార్టరు, కేబుల్ జాయింటు, మోటారు, పైపులు. నాలుగింటిలో ఏది ఆగినా నీళ్లు రావు. వేసవంతా చెడకుండా నడిచే అవకాశం స్టార్టరుకు 80 శాతం, జాయింటుకు 85, మోటారుకు 95, పైపులకు 98 అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. సరాసరి తీస్తే 90కి దగ్గరగా వస్తుంది, మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ఇక్కడ గుణించాలి. గుణిస్తే 63 శాతమే! ఈ గుణకార సూత్రాన్ని జర్మన్ ఇంజనీరు రాబర్ట్ లూసర్ పేరుతో పిలుస్తారు.

ఇప్పుడు అప్పు చేసి 99 శాతం మోటారు దించారు. మొత్తం ఎంతయింది? 66. అంత డబ్బు పోసి మూడు శాతం! మన లక్ష్యం 80 శాతం అనుకుందాం. అదే మోటారు జోలికి పోకుండా స్టార్టరును, జాయింటును 93కి తెస్తే 80 దాటుతుంది. అట్టడుగున ఉన్నవాటిని ఒకే మట్టానికి లేపి, లక్ష్యం అందగానే ఆపేయడం. దీన్నే కనీస శ్రమ పద్ధతి అంటారు. లక్ష్యాన్ని నాలుగు భాగాలకూ సమానంగా పంచే పద్ధతి కూడా ఉంది. అది 98 ఉన్న పైపులను 95 ఉంటే చాలంటుంది. నాకు అది నచ్చదు. ఎలక్ట్రానిక్ పరికరాలు ఎంత నమ్మకంగా పనిచేస్తాయన్న దాని మీద 1957లో అమెరికాలో వచ్చిన ఆగ్రీ (AGREE) నివేదిక కూడా భాగం ఎంత సంక్లిష్టమో, ఎంత ముఖ్యమో చూసి వాటా వేసింది.

ఒక చిక్కుంది. భాగాలు వేటికవే చెడితేనే ఈ గుణకారం సరిపోతుంది. బోరులో అలా జరగదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు స్టార్టరులోని రిలే ట్రిప్ అయి కరెంటు ఆపకపోతే మోటారు వైండింగ్ కాలిపోతుంది. మోటారు ఖాతాలో రాసుకున్న చావుల్లో కొన్ని నిజానికి స్టార్టరు చేసినవే. పైగా స్టార్టరు కాంటాక్టులు గట్టు మీదే మార్చుకోవచ్చు. మోటారు కాలితే వందల అడుగుల పైపులు పైకి లాగాలి. కాబట్టి నా మాట అడిగితే స్టార్టరుకు 93తో సరిపెట్టను, ఇంకాస్త పైకే పెడతాను.

జాయింటుకు ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. టేపు పొర మీద పొర, సందు లేకుండా చుట్టించండి. మోటారు దించకముందే ఆ అతుకును బకెట్ నీళ్లలో నానబెట్టి, మెగ్గర్‌తో (కరెంటు బయటికి కారుతోందేమో చూసే మీటరుతో) చూడమనండి. మెకానిక్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.